ఫిర్యాదు లేని కబురు

(గిజుభాయి బధేకా వర్ధంతి సందర్భంగా చిల్కానగర్‌లో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల ముందు చేసిన స్మారకోపన్యాసం)



గిజుభాయి బధేకా 1939 జూన్ 23న కన్నుమూశారు. ఏటా ఈ తేదీ వచ్చేసరికి మన బడులు తెరిచి రెండు వారాలు కూడా నిండవు. ఒకటో తరగతి పిల్లలు ఇంకా గేటు దగ్గర అమ్మ కొంగు పట్టుకుని ఏడుస్తూనే ఉంటారు. పుస్తకాల పంపిణీ, యూనిఫాం కొలతలు, కొత్త పిల్లల్ని చేర్చుకునే బడిబాట లెక్కలు నడుస్తుంటాయి. ఇంటికీ బడికీ ఏడాది పొడుగునా ఎలాంటి సంబంధం ఉండబోతోందో ఈ రోజుల్లోనే తేలిపోతుంది. అందుకే ఆయన్ని తలుచుకోవడానికి ఈ సమయం తగినదని నాకు అనిపిస్తుంది.

గిజుభాయి 1885లో సౌరాష్ట్రలోని చిత్తల్ అనే ఊళ్ళో పుట్టారు. చదివింది న్యాయశాస్త్రం, చేసింది వకీలు పని. బతుకుతెరువు వెతుక్కుంటూ కొన్నాళ్ళు తూర్పు ఆఫ్రికా కూడా వెళ్ళొచ్చారు. 1913లో కొడుకు పుట్టాడు. ఈ పిల్లవాణ్ణి ఎలా పెంచాలి, ఎలాంటి బడికి పంపాలి అని ఆలోచిస్తూ మారియా మాంటిస్సోరి రచనల దాకా వెళ్ళారు. 1916లో భావనగర్‌లోని దక్షిణామూర్తి విద్యార్థి భవన్‌లో చేరారు. 1920లో అక్కడ బాలమందిరం మొదలైంది. 1926లో తారాబాయి మోడక్‌తో కలిసి నూతన బాలశిక్షణ సంఘం పెట్టారు. గుజరాత్ ఆయన్ని 'మీసాల అమ్మ' అని పిలుచుకుంది. మాంటిస్సోరి మద్రాసుకు వచ్చి అడయారులో శిక్షణ మొదలుపెట్టింది 1939 నవంబరులో. అప్పటికి గిజుభాయి పోయి అయిదు నెలలు.

ఈ జీవితంలో నన్ను పట్టి నిలిపే సంగతి ఒకటుంది. ఆయన ముందు తండ్రి, ఆ తర్వాతే ఉపాధ్యాయుడు. బడి గురించి ఆయన మొదటి ప్రశ్నలన్నీ ఒక తండ్రి ఇంట్లో కూర్చుని వేసుకున్నవి. అందుకే పిల్లల కోసం, పంతుళ్ళ కోసం రాసినంత శ్రద్ధగా తల్లిదండ్రుల కోసమూ రాశారు. తల్లిదండ్రులు కావడం ఎంత కష్టమో చెప్పే పుస్తకమే ఒకటి రాశారు.

ఆయన రచనల్లో తెలుగు టీచర్లకు ఎక్కువగా తెలిసింది 'పగటికల'. నాలుగో తరగతి పిల్లల్ని ఒక ఏడాది పాటు తనకు అప్పగించమని విద్యాధికారిని అడిగి తీసుకున్న ఒక ఉపాధ్యాయుడి కథ అది. మొదటి రోజు ఆయన ఎంతో ముచ్చటపడి నిశ్శబ్దం పాటించే ఆట ఆడిద్దామనుకుంటాడు. పిల్లలు గోలగోల చేసి ఆ పాచిక పారనివ్వరు. మర్నాడు కథ చెబుతానంటాడు, తరగతి తనంతట తానే సద్దుమణుగుతుంది. ఈ ఘట్టం అందరికీ గుర్తుంటుంది. ఇంకొకటి ఎవరికీ గుర్తుండదు. పిల్లల మాసిన బట్టలు, పెరిగిన గోళ్ళు చూసి ఆయన తల్లిదండ్రుల్ని సమావేశానికి పిలుస్తాడు. పిలిచినవాళ్ళలో వచ్చేది కొద్దిమంది. అక్కడితో ఆయన వాళ్ళ మీద ఆశ వదులుకుని తను చేయగలిగింది బడిలోనే చేసుకుంటాడు. ఇప్పటికి తొంభై ఏళ్ళు దాటింది. ఇప్పుడూ మనం పిలుస్తాం, ఇప్పుడూ కొద్దిమందే వస్తారు. మనమూ పెదవి విరిచి మన పని చూసుకుంటాం. పిల్లల విషయంలో అంత సహనం చూపిన మనిషి పెద్దల దగ్గర ఒక్క సమావేశంతో సరిపెట్టుకున్నాడేమని ఆ పుటలు చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆయన ఆపిన చోటు నుంచే ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను.

స్టాఫ్ రూముల్లో మనం తరచూ వినేదీ అనేదీ ఒక మాట ఉంది. ఈ పిల్లల తల్లిదండ్రులకు పట్టింపు లేదని. ఇది నిజం కాదు. బడి చదువుల మీద 1999లో వచ్చిన ప్రోబ్ నివేదిక బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హిమాచల్ ప్రదేశ్ పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి చూసింది. పేద తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేదన్న నమ్మకం వట్టి అపోహ అని తేల్చింది. దానికంటే ముందే, మన ఇంటి ముంగిట్లోనే, ఆ సంగతి రుజువైంది. మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరిట 1981లో ఏర్పడ్డ ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చే పని చేసింది. మన చిల్కానగర్ ఉన్న ఉప్పల్ కూడా 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడేదాకా ఆ జిల్లాలోదే. పత్తి చేలల్లో, పశువుల వెంట, ఇంటి చాకిరీలో ఉన్న పిల్లల తల్లిదండ్రుల దగ్గరికి ఆ ఫౌండేషన్ తరఫున శాంతా సిన్హా గారూ ఆమె సహచరులూ వెళ్ళి కూర్చున్నారు. పేదరికం వల్లే పంపడం లేదన్న వాదాన్ని ఒప్పుకోలేదు. దారి చూపిస్తే, బడి తమ పిల్లల్ని నిలబెట్టుకుంటుందన్న నమ్మకం కలిగితే, ఆ తల్లిదండ్రులే పిల్లల సంపాదన వదులుకుని బడికి పంపారు. ప్రభుత్వ ఉపాధ్యాయులు బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఆ పనిలో కలిశారు. 2003లో శాంతా సిన్హా గారికి మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం కంటే, బడి గంట కొట్టాక మళ్ళీ వాడల్లోకి నడిచిన ఆ టీచర్ల సంగతి నాకు ఎక్కువ ముఖ్యం. వాళ్ళు తల్లిదండ్రుల్ని పిలవలేదు, వాళ్ళ దగ్గరికి వెళ్ళారు.

మరి పట్టింపు ఉంటే సమావేశానికి ఎందుకు రారు? చిల్కానగర్‌లో ఈ ప్రశ్నకు జవాబు గడియారంలో దొరుకుతుంది.

మనకు ఒక పక్క నాచారం పారిశ్రామికవాడ, ఇంకో పక్క ఉప్పల్ పారిశ్రామికవాడ. చాలా ఫ్యాక్టరీల్లో మూడు షిఫ్టులు. మొదటి షిఫ్టు మనిషి తెల్లారకముందే ఇల్లు వదులుతాడు. రెండో షిఫ్టు మనిషి పిల్లలు పడుకున్నాక ఇల్లు చేరతాడు. రాత్రి షిఫ్టు మనిషి పిల్లలు బడికి తయారయ్యే వేళకు వచ్చి పడుకుంటాడు. హబ్సిగూడ, తార్నాక అపార్టుమెంట్లలో పనికి వెళ్ళే తల్లులు ఆరుగంటలకే బయల్దేరతారు. నగరపాలక సంస్థ పారిశుద్ధ్య కార్మికులైతే ఇంకా ముందే రోడ్డు మీద ఉంటారు. తాపీపని వాళ్ళు పొద్దున్నే అడ్డా మీద నిలబడాలి, ఆ పూట పోతే కూలి పోయినట్టే. ఆటో నడిపేవాళ్ళకు, సరుకులు చేరవేసే డెలివరీ కుర్రాళ్ళకు వేళంటూ లేదు. మనం సమావేశం పెట్టేదేమో పగలు, పని రోజున, బడి వేళల్లో. రావాలంటే ఒకరోజు కూలి వదులుకోవాలి. ఆ కూలితో వారం కూరగాయలు వస్తాయి.

ఇంకో సంగతి. ఇక్కడ చాలామందివి అద్దె ఇళ్ళు. జనగామ, యాదాద్రి, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు ఒకే గల్లీలో ఉంటారు. మెట్రో వచ్చాక అద్దెలు పెరిగాయి. ఇంటివాళ్ళు అద్దె పెంచితే కుటుంబం ఇంకో గల్లీకో, ఇంకో బస్తీకో మారుతుంది. పిల్లవాడికి బడీ మారుతుంది. ఇంట్లో ఒడియా, గల్లీలో హిందీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఏడేళ్ళ పిల్లవాడు రోజూ ఇన్ని గడపలు దాటి వచ్చి మన ముందు కూర్చుంటున్నాడు. వాడు రావడమే పెద్ద సంగతి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పిల్లల ఇళ్ళకు బడి నుంచి కబురు వెళ్ళేదెప్పుడు? పిల్లవాడు కొట్టుకున్నప్పుడు, డుమ్మా కొట్టినప్పుడు, హోంవర్కు తేనప్పుడు, పరీక్షలో మార్కులు రానప్పుడు. "రేపు మీ అమ్మను పిలుచుకునిరా" అన్న మాట మన బడుల్లో బెదిరింపుగానే వాడతాం. ఆ తల్లి వస్తుంది. గుమ్మం బయటే నిలబడుతుంది. ఆమె నోట వచ్చే మొదటి మాట, ఇక్కడున్న ప్రతి టీచరూ విన్నదే: "మళ్ళేం జేసిండు సార్ మావోడు?" తప్పు తనదే అన్నట్టు నిలబడి, మనం చెప్పేది విని, అక్కడే పిల్లవాడి వీపు మీద రెండు చరిచి, "నాలుగు తగిలించుండ్రి సార్, దారికొస్తడు" అని వెళ్ళిపోతుంది. ఆ కొద్ది నిమిషాల్లో మనం ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగం.

విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుల బాధ్యతలు చెబుతూ, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు జరపాలనీ, పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి వాళ్ళకు తెలియజేయాలనీ అంటుంది. మంచి నిబంధనే. 2010 నుంచి అమల్లో ఉంది. కానీ అందులో మాట ఒకే దిక్కుకు పోతుంది, బడి చెబుతుంది, ఇల్లు వింటుంది. ఇల్లు చెబితే బడి వినాలన్నది చట్టంలో లేదు. అది మనం కలుపుకోవాల్సింది. నా ఉపన్యాసమంతా ఈ ఒక్క విషయం కోసమే.

ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. మూడో తరగతి. గంట కొట్టగానే తరగతిలోకి రావడం రావడం ఎవరో ఒకరిని తోసేవాడు, బెంచీలు ఎక్కి దూకేవాడు, గట్టిగా అరిచేవాడు. తల్లిని చాలాసార్లు పిలిపించాం. ఫలితం లేదు. ఒక సాయంత్రం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ఒకటే గది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తల్లి బయట మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను మాట్లాడబోతే చేత్తో ఆపి, "మెల్లగ మేడం, ఆయన పండిండు" అంది. భర్తది రాత్రి షిఫ్టు. రెండో షిఫ్టు దొరికితే బాగుండేదని, మూడేళ్ళుగా రాత్రే వేస్తున్నారని చెప్పింది. పొద్దున తండ్రి వచ్చి పడుకున్నప్పటి నుంచీ ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. పిల్లవాడు గిన్నె చప్పుడు కాకుండా తినాలి, నవ్వకూడదు, పరుగెత్తకూడదు. గల్లీలో ఆడితే కింద ఇంటివాళ్ళు ఊరుకోరు. ఆదివారాలు, సెలవులూ అంతే. ఎనిమిదేళ్ళ ఒంటికి గొంతు విప్పే చోటు, కాళ్ళు చాపే చోటు ఒక్క బడే. అక్కడికి వచ్చి వాడు చేస్తున్నది అదే.

ఆ సంగతి తెలిశాక చేయాల్సిన పని తేలికైంది. పొద్దున ప్రార్థనకు ముందు కాసేపు వాణ్ణి మైదానంలో పరుగెత్తనిచ్చాం. సాయంత్రం బడి వదిలాక కొంతసేపు వరండా తెరిచి ఉంచాం, వాడితో పాటు ఇంకా చాలామంది ఉండిపోయారు. అలాంటి పిల్లవాడు వాడొక్కడే కాదని అప్పుడు తెలిసింది. వాడు ఒక్కసారిగా బుద్ధిమంతుడేమీ అయిపోలేదు. కొన్నిసార్లు తోపులాటలు జరుగుతూనే ఉండేవి. కానీ వాణ్ణి మొండివాడనడం మానేశాం. తల్లి గుమ్మం బయట నిలబడటం మానేసి లోపలికి వచ్చి కూర్చునేది.

ఇది పుస్తకాల్లో లేని విద్య కాదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, టూసాన్ నగరంలో, మెక్సికో నుంచి వచ్చిన కూలీల పిల్లల బడుల్లో లూయిస్ మోల్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు టీచర్లను పిల్లల ఇళ్ళకు పంపారు. ఫిర్యాదు చెప్పడానికి కాదు, నేర్చుకోవడానికి. ఇళ్ళు కట్టడం, పశువైద్యం, వ్యాపారం, మూలికల వైద్యం, ఇలా ఆ ఇళ్ళలో ఎంత విజ్ఞానం ఉందో చూసి, దాన్ని తరగతిలో పాఠాలుగా మార్చుకున్నారు. 1992లో ఆ అనుభవాలు రాశారు. మనకు టూసాన్ దాకా వెళ్ళే పనిలేదు. చిల్కానగర్‌లో తాపీమేస్త్రీ తండ్రి గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో నోటి లెక్కతో చెబుతాడు. టైలరింగ్ చేసే తల్లికి అంగుళాలు, మీటర్లు, సగం, పావు నాలుక చివర ఉంటాయి. కూరగాయల బండి నడిపే నాయనమ్మ చేసే లెక్కల వేగం మన అయిదో తరగతి పిల్లలకు రాదు. వీళ్ళను ఒక్కసారి తరగతిలోకి పిలిచి మాట్లాడించండి. వాళ్ళ పిల్లవాడి తల ఎలా పైకి లేస్తుందో చూడండి.

చదువు విషయంలో తల్లిదండ్రులకు ఒక భయం ఉంది. మాకు చదువు రాదు, అందులో ఇంగ్లీషు మీడియం, మేమేం సాయం చేస్తామని. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకాలు ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో ఇంగ్లీషుగా అచ్చయ్యాయి. ఆ తెలుగు పుట పిల్లల కోసం ఎంతో, ఇంట్లో చదవగలిగిన వాళ్ళ కోసమూ అంతే. అక్కో, మేనత్తో ఆ పుట చదివి పిల్లకు చెప్పొచ్చు. అదే ఏడాది ఆగస్టు 15న మొదలైన 'తొలిమెట్టు' ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, ప్రాథమిక లెక్కలు గట్టిపరచడానికి వచ్చింది. పిల్లలు తమ మెట్టు ఎక్కడుందో అక్కడ నుంచి నేర్చుకోవాలన్న ఆలోచన మంచిది. దాన్ని ఇంటికి చెప్పే తీరు మాత్రం మారాలి. "మీ అమ్మాయి వెనకబడింది" అంటే ఆ తల్లికి ఏం చేయాలో తెలియదు. "ఇప్పుడు చిన్న చిన్న మాటలు చదువుతోంది, ఒత్తులు ఇంకా రాలేదు. బస్సు మీద, దుకాణం బోర్డు మీద పేర్లు చదవమనండి" అంటే తెలుస్తుంది. చదువు రాని తల్లి కూడా అది చేయించగలదు.

అమ్మలకు నేను చెప్పేది ఒకటే. ట్యూషన్ ఫీజు కట్టలేకపోతున్నామని కుంగిపోకండి. రాత్రి అన్నం తినే వేళ, ఇవాళ బడిలో ఏం విన్నావో నాకు చెప్పు అని అడగండి. చెబుతున్నప్పుడు మధ్యలో ఆపకండి. ఫోను పక్కన పెట్టండి, పిల్లదే కాదు, మీది కూడా. నాయనమ్మలు ఉంటే పొడుపు కథలు వేయండి. కిరాణా కొట్టుకు పంపినప్పుడు చిల్లర లెక్క వాళ్ళనే చెప్పమనండి. తప్పు చెబితే కసురుకోకండి. మనకు దగ్గరలోనే, తార్నాకలో, 'మంచి పుస్తకం' వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా పిల్లల కోసం బొమ్మల కథల పుస్తకాలు తక్కువ ధరకు తెలుగులో వేస్తున్నారు. బడిలో ఉన్న పుస్తకాలు బీరువాలో తాళం వేసుకుని ఉంటే ఉపయోగం లేదు. శనివారం ఇంటికి పంపండి. చిరిగిపోతాయంటారా, చిరగనివ్వండి. చదివితేనే చిరుగుతాయి.

కొట్టడం గురించి కొంచెం నిలబడి చెప్పాలి. మన తాతల కాలపు వీధిబడుల్లో కోదండం వేసేవారు, గోడకుర్చీ వేయించేవారు, తొడపాశం పెట్టేవారు. ఆ దెబ్బల వల్లే తమకు చదువొచ్చిందని చెప్పే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. దెబ్బలకు భయపడి బడి మానేసిన వాళ్ళు ఆ మాట చెప్పడానికి సభలకు రాలేదు, పొలాల్లో ఉండిపోయారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధించింది. రెండో మాటను మనం మర్చిపోతుంటాం. "మొద్దు", "దండగ", "మీ నాన్నలాగే అవుతావు" అనడం కూడా ఆ నిషేధంలోకే వస్తుంది. గిజుభాయి ఇంకో అడుగు ముందుకు వేశారు. ఆయన దెబ్బలనే కాదు, బహుమానాల ఆశ చూపడాన్ని కూడా వద్దన్నారు. దండన, ఆశ రెండూ పిల్లవాడి దృష్టిని పని మీద నుంచి పెద్దల మొహం మీదికి మళ్ళిస్తాయన్నది ఆయన పద్ధతిలో కనబడే నమ్మకం. తల్లి "నాలుగు తగిలించండి" అన్నప్పుడు మనం నవ్వి ఊరుకోకూడదు. "ఇక్కడ కొట్టమమ్మా, మీరూ కొట్టకండి. వాడికి కోపం ఎప్పుడొస్తుందో చెప్పండి" అనాలి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబుగా ఇంటి కథ అంతా వస్తుంది.

కొన్ని కథలు బరువైనవి. తండ్రి తాగి వచ్చిన రాత్రి నిద్ర లేని పిల్ల మర్నాడు మూడో పీరియడ్‌లో తల వాల్చేస్తుంది. పొద్దున్నే తమ్ముణ్ణి చూసుకుని, నీళ్ళు పట్టి, వాడికి అన్నం పెట్టి వచ్చే అక్క రోజూ ఆలస్యంగానే వస్తుంది. ఆలస్యమైందని ఆమెను గేటు బయట నిలబెడితే ఆమె చేసిన పనికి శిక్ష వేసినట్టు. ఇంట్లో హింస ఉందని అనుమానం వస్తే, పిల్లను ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారని తెలిస్తే, దాన్ని మన గుండెల్లో దాచుకోవద్దు. పిల్లల కోసం 1098 ఉంది. మనసు బాగాలేని పెద్దల కోసం 14416, టెలీ-మానస్, ఉంది. తల్లులకు ఆ నంబర్లు ఇవ్వండి. ప్రగతి పత్రం వెనక అచ్చు వేయించినా మంచిదే.

ఒంటి సంగతి కూడా కొంచెం చెప్పి ముందుకు వెళతాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 నాటిది, తెలంగాణలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పింది. ఆ పిల్లలే ఇప్పుడు మన తరగతుల్లో ఉన్నారు. పది దాటేసరికి నీరసపడే పిల్లవాణ్ణి సోమరి అనేముందు, పొద్దున ఏం తిన్నావని అడగాలి. పోషకాహారం మీద దేశానికి దారి చూపే జాతీయ పోషకాహార సంస్థ మనకు తార్నాకలోనే ఉంది. మన పిల్లలు మాత్రం టీ, బిస్కట్‌తో బడికి వస్తున్నారు. అలాగే కళ్ళు. బోర్డు మీది అక్షరాలు కనపడక తప్పులు రాసే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. అద్దాలు పెట్టాక చేతిరాతే మారిపోతుంది. బడికి వచ్చే ఆరోగ్య బృందం పరీక్షించి రాసిచ్చిన చీటీ ఇంట్లో ఎవరి చేతికి వెళ్ళిందో, ఆ తర్వాత ఏమైందో అడిగేవాళ్ళు కావాలి. అక్షరాలు తారుమారుగా రాసే పిల్లలు, ఎంత చెప్పినా చదవలేని పిల్లలు కొందరుంటారు. నేర్చుకోవడంలో ఉండే ఆ ప్రత్యేక ఇబ్బందిని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ఆ తల్లికి "మీ బిడ్డ తెలివితక్కువది కాదు" అని మొదట చెప్పాల్సింది టీచరే.

కమిటీల విషయానికి వస్తే, చట్టం మనకు చాలానే ఇచ్చింది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలుండాలి. 2024లో తెలంగాణ ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ఏర్పాటు చేసి మరమ్మతుల పనులు మహిళా సంఘాలకు అప్పగించింది. కుళాయిలు, మరుగుదొడ్లు, కరెంటు పనులు తల్లుల చేతికి రావడం మంచి మార్పు. కానీ గోడల సంగతితో పాటు గోడల మధ్య ఏం జరుగుతోందో మాట్లాడే హక్కు కూడా ఆ తల్లులదే. సంతకం కోసం రిజిస్టరు ఇంటికి పంపడం కాదు కమిటీ నడపడమంటే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల భారీ సమావేశం జరిపారు. ముఖ్యమంత్రి స్వయంగా బాపట్లలో తల్లిదండ్రుల మధ్య కూర్చున్నారు. అంత పెద్ద ఎత్తున తల్లిదండ్రుల్ని బడికి ఆహ్వానించడం గౌరవించాల్సిన పని. అయినా ఒక తల్లి మనసు విప్పేది వందలమంది మధ్య కాదు. టీచరు ఎదురుగా కూర్చుని, పక్కన ఇంకెవరూ లేనప్పుడు, పది నిమిషాల్లో.

ఆ పది నిమిషాలు టీచర్లు ఎక్కడి నుంచి తేవాలి? ఇది న్యాయమైన ప్రశ్న. ఒక టీచరు రెండు మూడు తరగతులు చూసుకునే బడులున్నాయి. హాజరు యాప్‌లో, భోజనం లెక్క ఇంకో యాప్‌లో, పుస్తకాలు, యూనిఫాం వివరాలు మరోచోట. జనగణన, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప ఇతర చదువేతర పనులకు టీచర్లను వాడకూడదని 27వ సెక్షన్ చెబుతున్నా, పనులు వస్తూనే ఉంటాయి. అందుకే ఇళ్ళకు వెళ్ళడాన్ని టీచరు మంచితనానికి వదిలేయకూడదు. దాన్ని పనిగా గుర్తించాలి, దానికి గంటలు కేటాయించాలి. జూన్ నెలలో బడిబాట పేరుతో టీచర్లు ఎలాగూ గల్లీలు తిరుగుతారు. అప్పుడు కొత్త పిల్లల్ని చేర్చుకోవడంతో ఆపకుండా, తమ తరగతిలో ఉన్న ప్రతి పిల్ల గడప ఒక్కసారి తొక్కితే, ఏడాదిలో వచ్చే సగం ఫిర్యాదులు అసలు రావని నా అనుభవం చెబుతోంది.

ఇంకొక పద్ధతి, ఇది ఖర్చు లేనిది. ఏడాదిలో ఇంటికి వెళ్ళే మొదటి కబురు ఫిర్యాదు కాకూడదు. బోనాల సెలవు వచ్చేలోపు ప్రతి ఇంటికీ ఒక మంచి కబురు వెళ్ళాలి. అబద్ధం చెప్పమని కాదు. ప్రతి పిల్లలోనూ చెప్పదగ్గది ఒకటి ఉంటుంది, వెతకాలి. "మీవాడు ఇవాళ కింద పడ్డ పిల్లను లేపి నీళ్ళు తాగించాడు" అని ఫోనులో చెప్పడానికి ఒక నిమిషం చాలు. ఆ తల్లి మొదట భయపడుతుంది. బడి నంబరు చూసి చెయ్యి వణుకుతుంది. విన్నాక ఏమీ అనలేక "అట్లనా సార్" అంటుంది. అలా ఒకసారి విన్న తల్లి తర్వాత ఎప్పుడో మనం నిజంగా కష్టమైన సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు గుమ్మం బయట నిలబడదు. సమావేశాలు కూడా వాళ్ళ వేళలకు జరపాలి. రెండు గంటలకు షిఫ్టు మారాక ఒకటి, ఆదివారం పొద్దున ఒకటి. నాన్నలను విడిగా పిలవాలి, తల్లి వచ్చిందిలే అని వదిలేయకూడదు. తల్లిదండ్రులిద్దరూ పనికి పోతే పిల్లను చూసుకునేది నాయనమ్మ అయితే, ఆ సంవత్సరానికి మన సమావేశానికి రావాల్సింది ఆ నాయనమ్మే. ఒడియా, హిందీ మాట్లాడే కుటుంబాలకు గల్లీలో మాట తిప్పి చెప్పగలిగే పొరుగింటి అమ్మాయి ఎప్పుడూ ఉంటుంది, ఆమెనూ పిలవండి.

ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన చాలామంది మొదటి షిఫ్టు ముగించుకుని, భోజనం చేశారో లేదో, నేరుగా వచ్చారు. మీ పిల్లల టీచర్లు సభ చివర వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ప్రతి కుర్చీ ఎదురుగా ఇంకో కుర్చీ ఉంది. ప్రగతి పత్రాలు ఇవాళ తేలేదు, తేవద్దని నేనే అడిగాను. మీ పిల్ల గురించి బడికి తెలియని సంగతి ఒకటి, ఏ వేళ ఆకలేస్తుంది, దేనికి భయపడుతుంది, ఇంట్లో ఎవరితో ఎక్కువ మాట్లాడుతుంది, ఏదైనా సరే, వెళ్ళేముందు ఆ టీచరుకు చెప్పి వెళ్ళండి. టీచర్లు రాసుకుంటారు. ఒకటో తరగతి వాళ్ళు ఎడమ వైపు మొదటి గది దగ్గర.